ఇంటికీ, ఊరికీ, డాబాకూ ఒకే చిన్న ప్రొజెక్టర్: పాఠకుల సందేహాలు, సమాధానాలు

చేతిసంచిలో పట్టే చిన్న ప్రొజెక్టర్ల గురించి బెంగళూరు, చెన్నై నగరాల్లోని తెలుగు పాఠకుల నుంచి కొంతకాలంగా ఉత్తరాలు వస్తున్నాయి. వాటిలో ఆరింటిని ఈ సంచికలో తీసుకున్నాము. మొదటి ఉత్తరంలోని సందేహమే మిగిలిన వాటికి మూలం కాబట్టి దానికి ఎక్కువ చోటు ఇచ్చాము.

ప్రశ్న: మాది మారతహళ్లిలో రెండు పడకగదుల అద్దె ఇల్లు. ఇల్లు మారినప్పుడల్లా పెద్ద టీవీని మోసుకెళ్లడం కష్టమని మావారు చిన్న ప్రొజెక్టర్ కొందామంటున్నారు. వారాంతాల్లో ఇంట్లో సినిమా చూడడానికి, సెలవులకు మదనపల్లె వెళ్లినప్పుడు మా అత్తగారింటి పెరట్లో పిల్లలందరికీ వేయడానికి, హార్స్‌లీ హిల్స్ వంటి చోట్లకు తీసుకువెళ్లడానికి ఒకటే పనికిరావాలి. హాల్లో ఖాళీ గోడ 9 అడుగుల వెడల్పు ఉంది, సోఫా ఆ గోడకు 10 అడుగుల దూరంలో ఉంది. ఆన్‌లైన్‌లో 6,000 రూపాయల ప్రొజెక్టర్‌కు 9,000 ల్యూమెన్లు అని రాశారు, 35,000 రూపాయల దానికి 300 ల్యూమెన్లే అని రాశారు. తక్కువ ధరకు ఎక్కువ వెలుగు ఎలా వస్తుంది? ఏది నమ్మాలి?
— ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం: మీరు చూసిన ఆ రెండు అంకెలూ ఒకే కొలతవి కావమ్మా. ఒకటి కిలోల్లోనూ మరొకటి గంపల్లోనూ చెప్పిన లెక్క వంటివి అవి. 300 అన్నది ఆన్సి ల్యూమెన్లు అయి ఉంటుంది. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ 1992లో ఖరారు చేసిన పద్ధతి ప్రకారం, తెర మీద పడిన బొమ్మను తొమ్మిది సమభాగాలు చేసి, ఒక్కొక్క భాగం మధ్యలో పడే వెలుగును కొలిచి, వాటి సగటును తెర వైశాల్యంతో గుణిస్తే వచ్చేది ఆన్సి ల్యూమెన్ల లెక్క. కొన్ని పెట్టెల మీద ఐఎస్ఓ ల్యూమెన్లు అని ఉంటుంది, అదీ ఇటువంటి కొలతే కాబట్టి దానినీ నమ్మవచ్చు. కేవలం ‘ల్యూమెన్లు’ అనో ‘ఎల్ఈడీ ల్యూమెన్లు’ అనో ఉంటే మాత్రం అది గోడ మీదికి చేరే వెలుగు కాదు. మంచి కంపెనీలు కూడా ఒక్కొక్కసారి ఎల్ఈడీ ల్యూమెన్లే రాస్తాయి, చాలా చవక ప్రొజెక్టర్ల మీద ఉండే వేల అంకెలకైతే ఏ కొలతా ఆధారం కాదు.

దీనిని మీరు ఇంట్లోనే సరిచూసుకోవచ్చు. మన ఇళ్లల్లో వెలిగే 9 వాట్ల ఎల్ఈడీ బల్బు దాదాపు 900 ల్యూమెన్ల వెలుగు ఇస్తుంది. ఆ లెక్కన 9,000 ల్యూమెన్లకు అటువంటి పది బల్బులు, అంటే 90 వాట్ల కరెంటు కావాలి. మీరు చూసిన ప్రొజెక్టర్ అడాప్టర్ మీద 60 వాట్లు అనో అంతకన్నా తక్కువో ఉంటే అక్కడే గుట్టు తెలిసిపోతుంది. పైగా ఆ వెలుగంతా గోడను చేరదు. చవక ప్రొజెక్టర్లలో ఉండే ఒంటి పలక ఎల్‌సీడీలో పోలరైజర్ పొర సగం వెలుగును మింగేస్తుంది, మిగిలిన దానిలో మూడింట రెండు వంతులను రంగుల వడపోత ఆపేస్తుంది, లెన్స్ దాటేలోగా మరికొంత పోతుంది. చివరికి గోడ మీద నిలిచేది వందల్లోనే ఉంటుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. ప్రొజెక్టర్ ఇచ్చే వెలుగు ఎప్పుడూ ఒక్కటే, దానిని ఎంత గోడకు పంచుతున్నామన్నదే బొమ్మ కాంతిని నిర్ణయిస్తుంది. టీవీకి లాగే బొమ్మ అంగుళాలనూ మూల నుంచి ఎదుటి మూలకు కొలుస్తారు. 60 అంగుళాల బొమ్మ వైశాల్యం దాదాపు ఒక చదరపు మీటరు. 80 అంగుళాలకు అది 1.76 చదరపు మీటర్లు అవుతుంది, 100 అంగుళాలకు 2.76, 120 అంగుళాలకు దాదాపు 4. అంటే 60 నుంచి 120 అంగుళాలకు పోతే బొమ్మ రెండింతలు అయిందని మనం సంతోషిస్తాము గానీ వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. నేటి డిజిటల్ సినిమా హాళ్లలో తెర మీద చదరపు మీటరుకు 48 క్యాండెలాల కాంతి ఉండాలని ప్రమాణం. మామూలు తెల్లగోడ మీద ఆ స్థాయి రావాలంటే 60 అంగుళాలకు సుమారు 150 ఆన్సి ల్యూమెన్లు, 80 అంగుళాలకు 270, 100 అంగుళాలకు 415, 120 అంగుళాలకు 600 కావాలి. కొనేముందు ఈ నాలుగు అంకెలను ఒక చీటీ మీద రాసి పెట్టుకోండి. దుకాణంలో ఎవరు ఏమి చెప్పినా వీటితో పోల్చి చూసుకోవచ్చు. అయితే ఇవన్నీ చీకటి గదికి చెప్పినవి. మధ్యాహ్నం కిటికీ తెరలు తీసి ఉన్న హాల్లో గోడ మీద వెలుగు వందల లక్స్‌లో (చదరపు మీటరుకు ఒక ల్యూమెన్ పడితే ఒక లక్స్) ఉంటుంది, 300 ల్యూమెన్ల ప్రొజెక్టర్ 80 అంగుళాల బొమ్మకు ఇచ్చేది 170 లక్స్ మాత్రమే. ప్రొజెక్టర్ నలుపు రంగును పుట్టించలేదు, వెలుగు వేయకుండా వదిలేసిన గోడే దానికి నలుపు. గోడ తెల్లగా మెరుస్తుంటే సినిమాలోని రాత్రి కూడా తెల్లవారిపోతుంది. పగటిపూట వార్తలో సీరియళ్లో రోజూ చూసే అలవాటు మీ ఇంట్లో ఉంటే, మోసుకెళ్లడం కష్టమైనా టీవీయే కొనుక్కోమని చెబుతాను.

మీ హాలు కొలతలను బట్టి చూస్తే 80 అంగుళాల బొమ్మ చక్కగా సరిపోతుంది, దాని వెడల్పు 5 అడుగుల 10 అంగుళాలు. చిన్న ప్రొజెక్టర్లలో చాలావాటికి త్రో రేషియో 1.2 దగ్గర ఉంటుంది. అంటే బొమ్మ వెడల్పుకు 1.2 రెట్ల దూరంలో ప్రొజెక్టర్‌ను ఉంచాలని అర్థం. ఆ లెక్కన మీ ప్రొజెక్టర్ గోడకు 7 అడుగుల దూరంలో, సోఫాకు 3 అడుగుల ముందు, టీపాయ్ మీద కూర్చుంటుంది. ఇంత దగ్గరగా ఉంటుంది కాబట్టి ఫ్యాన్ చప్పుడును తప్పనిసరిగా విని చూసి కొనండి. మాటలు మెల్లగా నడిచే సన్నివేశాల్లో ఆ రొద తెలుస్తుంది.

‘4కే సపోర్ట్’ అన్న మాటకూ మోసపోకండి. 4కే వీడియోను లోపలికి తీసుకోగలదని మాత్రమే దాని భావం, బొమ్మను వేసేది ఆ యంత్రానికి సొంతంగా ఉన్న చుక్కలతోనే. సొంత రిజల్యూషన్ ఎంత అని అడగండి. 80 అంగుళాల బొమ్మలో అడ్డంగా 1920 చుక్కలుంటే (1080పీ అంటే ఇదే) ఒక్కొక్క చుక్క వెడల్పు 0.92 మిల్లీమీటర్లు వస్తుంది, మామూలు కంటిచూపు 10 అడుగుల దూరం నుంచి విడదీసి చూడగలిగేది దాదాపు అంతే. అందువల్ల మీ సోఫా నుంచి చూసేటప్పుడు 1080పీ నిండుగా సరిపోతుంది, 4కే కోసం అదనంగా పెట్టే డబ్బు చాలావరకు కంటికి ఆనదు. 720పీలో చుక్క 1.38 మిల్లీమీటర్లు అవుతుంది కాబట్టి సబ్‌టైటిళ్ల అక్షరాల అంచుల్లో గరుకు కనిపిస్తుంది.

పెరటి సినిమా సంగతి నాకు చాలా ఇష్టమైనది కనుక కొంచెం విస్తరిస్తాను. తెరగా చాలామంది తెల్లటి పంచెనో దుప్పటినో కడతారు. మన తోలుబొమ్మలాటలో కట్టేదీ తెల్లటి పలుచని బట్టే, కానీ అక్కడ దీపం వెనుక ఉంటుంది, బట్ట గుండా వెలుగు ఇవతలికి రావాలి. ప్రొజెక్టర్‌కు కావలసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం, వెలుగు బట్టను దాటిపోకుండా తిరిగి మన వైపే రావాలి. పలుచని పంచె కడితే వెలుగులో చాలా భాగం అవతల కూర్చున్న వాళ్లకు పోతుంది. మందపాటి తెల్ల దుప్పటిని ఎంచుకుని, వెనుక ఒక నల్ల బట్ట వేసి, నాలుగు మూలలా ముడతలు లేకుండా లాగి కట్టండి, కింది అంచుకు ఒక కర్ర గుచ్చితే గాలికి ఎగరదు. అంతకన్నా తేలిక, కొత్తగా సున్నం వేసిన గోడ. మా ఊళ్లో నేను మొదటిసారి బొమ్మ వేసింది పశువుల కొట్టం గోడ మీదే, ఆ తరువాత కొన్న మడత తెర దానికన్నా గొప్పగా ఏమీ అనిపించలేదు. వీధి దీపం తెర మీద పడకుండా దిక్కు చూసుకోండి. 300 ల్యూమెన్లతో 100 అంగుళాల బొమ్మ వేస్తే తెర మీదికి 109 లక్స్ వస్తుంది, వీధి దీపం నుంచి 10 లక్స్ పడినా తెలుపుకూ నలుపుకూ మధ్య తేడా 12 రెట్లకు మించదు. వానలు మొదలైన రోజుల్లో ఉసిళ్లు లెన్స్ మీదికే వస్తాయి. తెరకు దూరంగా, జనానికి వెనుక ఒక బల్బు వెలిగించి ఉంచితే చాలావరకు అటు పోతాయి.

కాబట్టి మీకు నా సలహా ఇది. 300 నుంచి 400 ఆన్సి ల్యూమెన్లు, సొంతంగా 1080పీ, దుమ్ము చొరబడకుండా మూసిన లోపలి భాగం, బరువు ఒకటిన్నర కిలో లోపు ఉన్నది చూడండి. లోపల బ్యాటరీ ఉండాలని పట్టుబట్టనక్కరలేదు. బ్యాటరీ ఉన్న వాటిలో చాలావరకు రెండు, రెండున్నర గంటలకు మించి నడవవు, బ్యాటరీ మీద నడిచేటప్పుడు వెలుగునూ తగ్గించుకుంటాయి, మన సినిమాలేమో రెండున్నర గంటలు దాటుతాయి. పతాక సన్నివేశంలో బొమ్మ ఆగిపోతే పెరట్లో ఎంత గోల అవుతుందో ఊహించుకోండి. మదనపల్లెలో మీకు ఎక్స్‌టెన్షన్ బాక్స్ చాలు. 2025 సెప్టెంబరు 22 నుంచి ప్రొజెక్టర్ల మీద జీఎస్‌టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది, పాత సమీక్షల్లోని ధరలను ఇప్పటి ధరలతో పోల్చేటప్పుడు ఆ సంగతి గుర్తుంచుకోండి. వీలైతే ఎస్‌పీ రోడ్డులోనో మీకు దగ్గరలోని దుకాణంలోనో స్వయంగా చూసి కొనండి. ఒక పెన్‌డ్రైవ్‌లో రాత్రి సన్నివేశం ఒకటి, నాలుగు మూలలా అక్షరాలున్న బొమ్మ ఒకటి తీసుకెళ్లి, దీపాలు ఆర్పించి వేయించండి. మూలల్లో అక్షరాలు అలుక్కుపోతే దానిని అక్కడే వదిలేసి రండి.

ప్రశ్న: నేను ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం చేస్తూ ముగ్గురు మిత్రులతో కలిసి ఉంటున్నాను. ఇటీవల తక్కువ ధరకు వేల ల్యూమెన్లని రాసిన ప్రొజెక్టర్ కొన్నాను. బొమ్మ వెలవెలబోతోంది, పైభాగం మసకగా ఉంది. వెనక్కి ఇచ్చే గడువు దాటిపోయింది. దీనిని పారేయవలసిందేనా?
— ఒక పాఠకుడు, బెంగళూరు

సమాధానం: పారేయకండి. పై ఉత్తరానికి చెప్పిన లెక్కనే మీకు అనుకూలంగా తిప్పుకోండి. మీ ప్రొజెక్టర్ నిజంగా ఇచ్చేది 150 ల్యూమెన్లే అయినా, బొమ్మను 60 అంగుళాలకు కుదిస్తే చీకటి గదిలో సినిమా హాలు స్థాయి కాంతి వస్తుంది. నలుగురు మిత్రులకు 60 అంగుళాలు తక్కువేమీ కాదు. పైభాగం మసకబారడానికి కారణం, మీరు ప్రొజెక్టర్‌ను కింద పెట్టి మూతిని పైకి ఎత్తడమే కావచ్చు. అప్పుడు గోడ పైభాగం లెన్స్‌కు దూరమవుతుంది, కింది భాగానికి ఫోకస్ కుదిరితే పైది చెదురుతుంది. కీస్టోన్ మీట బొమ్మ ఆకారాన్ని చక్కదిద్దుతుంది గానీ ఫోకస్‌ను సరిచేయలేదు, పైగా ఆకారాన్ని సరిచేయడానికి కొన్ని చుక్కలను ఆర్పేస్తుంది కాబట్టి స్పష్టత మరింత పోతుంది. ప్రొజెక్టర్‌ను స్టూలు మీదనో ట్రైపాడ్ మీదనో గోడకు సూటిగా ఎదురుగా, మూతి ఎత్తకుండా నిలిపి, కీస్టోన్‌ను సున్నాకు తెచ్చి, ఆ తరువాత ఫోకస్ తిప్పి చూడండి. లేత పసుపు రంగు గోడ అయితే తెల్ల చార్టు కాగితాలు అతికించినా తేడా కనిపిస్తుంది. వెలుగు విషయంలో అబద్ధపు అంకె రాసి అమ్మడం వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద తప్పుదోవ పట్టించే ప్రకటన అవుతుంది. వెనక్కి ఇచ్చే గడువు దాటినా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. ప్రకటన పేజీ ఫొటో, బిల్లు దగ్గర ఉంచుకోండి.

ప్రశ్న: మా ప్రొజెక్టర్‌లో ఆండ్రాయిడ్ ఉంది గానీ నెట్‌ఫ్లిక్స్ తెరుచుకోవడం లేదు, మరో యాప్‌లో బొమ్మ మసకగా వస్తోంది. ఫోన్ తెరను పంపిస్తే మాటలు వినిపిస్తున్నాయి, బొమ్మ నల్లగా ఉంటోంది. యంత్రంలో లోపమా?
— ఒక పాఠకుడు, వేళచ్చేరి, చెన్నై

సమాధానం: లోపం కాదు, అనుమతి లేకపోవడం. ఓటీటీ సంస్థలు తమ చిత్రాలు కాపీ కాకుండా తాళం వేసి పంపుతాయి. ఆండ్రాయిడ్‌లో ఆ తాళం పేరు వైడ్‌వైన్. దానిలో ఎల్1 స్థాయి ఉన్న యంత్రాలకే హెచ్‌డీ బొమ్మ వస్తుంది, ఎల్3 మాత్రమే ఉంటే సాధారణంగా 480పీ దగ్గర ఆగిపోతుంది. ఫోన్ తెర నల్లబడడానికీ ఆ తాళమే కారణం. నెట్‌ఫ్లిక్స్ తాను పరీక్షించి ఆమోదించిన యంత్రాల్లోనే సరిగా నడుస్తుంది. హెచ్‌డీఎంఐ రంధ్రంలో పెట్టే ఒక మంచి స్ట్రీమింగ్ స్టిక్ కొనండి, మీ సమస్య తీరిపోతుంది. ప్రయాణాల్లోనూ అది మీ ఖాతాలన్నిటినీ వెంట తెస్తుంది. చెన్నైవారు గమనించవలసిన విషయం మరొకటి ఉంది. ఏసీ గదిలో చల్లబడిన ప్రొజెక్టర్‌ను ఉక్కగా ఉన్న మేడ మీదికి తీసుకువెళ్లిన వెంటనే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. సంచిలోనే పావుగంట, ఇరవై నిమిషాలు ఉంచి, బయటి వేడికి అలవాటు పడిన తరువాత వెలిగించండి.

ప్రశ్న: నెలకోసారి విమానంలో విశాఖపట్నం వెళ్లి వస్తుంటాను. ప్రొజెక్టర్‌ను, పవర్ బ్యాంక్‌ను తీసుకువెళ్లవచ్చా? ఎంత పెద్ద పవర్ బ్యాంక్ కొనాలి?
— ఒక పాఠకుడు, కృష్ణరాజపురం, బెంగళూరు

సమాధానం: తీసుకువెళ్లవచ్చు. అయితే పవర్ బ్యాంక్ చేతిసామానులోనే ఉండాలి, చెక్-ఇన్ సామానులో వేయకూడదు. 100 వాట్ అవర్ల వరకు ప్రత్యేక అనుమతి అక్కరలేదు, 100 నుంచి 160 వరకు విమాన సంస్థ అనుమతి కావాలి, అంతకు మించితే ప్రయాణికులు తీసుకువెళ్లడానికి వీలులేదు. 20,000 ఎంఏహెచ్ అంటే 3.7 వోల్టుల లెక్కన 74 వాట్ అవర్లు. దానిలో మార్పిడి నష్టాలు పోగా చేతికి వచ్చేది 60 చిల్లర. 45 వాట్లు తాగే ప్రొజెక్టర్‌ను అది గంటా ఇరవై నిమిషాలు నడుపుతుంది, అంటే మన సినిమాకు ఇంటర్వెల్ వరకే. 27,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ 100 వాట్ అవర్లకు అంచున ఆగుతుంది, విమాన ప్రయాణానికి అంతకన్నా పెద్దది పెట్టుకోకండి. పరిమాణం కన్నా ముందు చూడవలసినది అది ఎన్ని వాట్లు ఇవ్వగలదన్నది. ఉదాహరణకు 2022లో వచ్చిన శాంసంగ్ ఫ్రీస్టైల్‌లో బ్యాటరీ లేదు, దానికి 20 వోల్టుల వద్ద 50 వాట్లు ఇవ్వగల టైప్-సీ పవర్ బ్యాంక్ కావాలి. ఫోన్ల కోసం కొన్న 18 వాట్ల పవర్ బ్యాంక్‌కు తగిలిస్తే అటువంటి ప్రొజెక్టర్ వెలగదు.

ప్రశ్న: టీవీ కన్నా ప్రొజెక్టర్ పిల్లల కళ్లకు మంచిదంటున్నారు, నిజమేనా?
— ఒక పాఠకురాలు, హెచ్ఎస్ఆర్ లేఅవుట్, బెంగళూరు

సమాధానం: గోడ మీద పడి తిరిగి వచ్చే వెలుగు మెత్తగా అనిపిస్తుంది, పిల్లలు తెరకు దూరంగా కూర్చుంటారు, అంతవరకు మేలే. అలాగని ఎన్ని గంటలైనా చూడనివ్వవచ్చని కాదు. అసలు ప్రమాదం లెన్స్‌లోకి నేరుగా చూడడంలో ఉంది. పసిపిల్లలు వెలుగు ఎక్కడినుంచి వస్తోందా అని ముఖం దగ్గరగా పెట్టి చూస్తారు. వాళ్లకు అందని ఎత్తులో, వీలైతే వెనుక షెల్ఫ్ మీద దానిని ఉంచండి. నీడలాట ఆడాలనుకుంటే వీపు ప్రొజెక్టర్ వైపు, ముఖం గోడ వైపు ఉండేలా నిలబడమని నేర్పండి.

ప్రశ్న: ఉగాదికి మా అపార్టుమెంటు మేడ మీద 60 మందికి సినిమా వేద్దామనుకుంటున్నాము. నా దగ్గర 400 ఆన్సి ల్యూమెన్ల చిన్న ప్రొజెక్టర్ ఉంది. సరిపోతుందా?
— ఒక పాఠకుడు, వైట్‌ఫీల్డ్, బెంగళూరు

సమాధానం: సరిపోదు. 60 మంది కూర్చుని చూడడానికి కనీసం 150 అంగుళాల తెర కావాలి. దాని వైశాల్యం 6 చదరపు మీటర్లు దాటుతుంది, పూర్తి చీకటిలోనే 900కు పైగా ఆన్సి ల్యూమెన్లు అడుగుతుంది. వైట్‌ఫీల్డ్‌లో చుట్టూ ఉన్న భవనాల దీపాల మధ్య ఆ చీకటి దొరకదు. ఆఫీసుల్లో వాడే 3,000 ఆన్సి ల్యూమెన్ల ప్రొజెక్టర్‌ను ఆ ఒక్క రోజుకు అద్దెకు తెచ్చుకోండి, మీది ఇంట్లోనే ఉండనివ్వండి. శబ్దానికి ప్రొజెక్టర్‌లోని బుల్లి స్పీకర్ పనికిరాదు, వేరే స్పీకర్ పెట్టవలసి వస్తుంది. అప్పుడు రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్ కూడదన్న 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు మీకు వర్తిస్తాయి. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి అని కూడా ఆ నియమాల్లో ఉంది. ఓటీటీ చందా ఇంటి సొంత వినియోగానికే ఇచ్చినది కాబట్టి, సినిమా వేయడానికి హక్కుదారుల అనుమతి ముందుగా తీసుకోండి. పిల్లల నృత్యాలు, పంచాంగ శ్రవణం, మీ అపార్టుమెంటు వాళ్లు తీసుకున్న వీడియోలు వేస్తే ఈ చిక్కు ఉండదు. ఉగాది నాటికి బెంగళూరులో సూర్యాస్తమయం సుమారు ఆరున్నరకు అవుతుంది, ఏడు దాటితే గానీ బొమ్మ నిలబడదు. ఏడుంబావుకు మొదలుపెడితే రెండున్నర గంటల కార్యక్రమం పదింటిలోపు ముగుస్తుంది. ఆ నెలల్లో సాయంత్రపు వాన చెప్పి రాదు కాబట్టి ప్రొజెక్టర్‌ను, స్విచ్ బోర్డును మెట్ల గది చూరు కిందే పెట్టి, తెరను మాత్రమే ఆరుబయట కట్టండి.